దూదక్క నాలుగో కాలు

అనగనగా ఒక అడవిలో దూదక్క అనే కుందేలు ఉండేది, పిల్లలూ. ఆమెకు నోటినిండా సామెతలే. ఎవరెదురుపడినా వాళ్ళ మొహం సరిగ్గా చూడకముందే వాళ్ళ మీద ఒక సామెత గుర్తొచ్చేది.

దూదక్క బొరియలో ఒక గది ఖాళీగా ఉంది. వానాకాలంలో ఒంటరిగా ఉండాలంటే ఆమెకు భయం. అందుకని గది అద్దెకిస్తానని అడవంతా చెప్పి వచ్చింది.

మొదట ఒక ఉడుము వచ్చింది. కడుపుతో ఉంది. ఆయాసపడుతోంది.

"అక్కా, నా పుట్ట కూలిపోయింది. గుడ్లు పెట్టుకోవాలి. ఆ గది ఇస్తావా?"

"అమ్మో! ఉడుము పట్టు పడితే వదలదంటారు. రేపు ఖాళీ చెయ్యమంటే గోడ పట్టుకుని వేలాడతావు."

"నా పట్టు సంగతి ఎందుకులే అక్కా! నిన్ననే కొమ్మ మీంచి జారిపడ్డాను. ఇదిగో, నడుం ఇంకా వాచే ఉంది."

"పెద్దలు ఊరికే అంటారా?" అంటూ దూదక్క తలుపేసుకుంది. ఉడుము ఎండలోనే చాలాసేపు గుమ్మం ముందు నిలబడింది. తలుపు తెరుచుకోలేదు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

తరవాత తాబేలు తాత వచ్చాడు.

"తాబేలు చొరబడ్డ ఇల్లు బాగుపడదంటారు తాతా!"

"నేను పుట్టినప్పటినుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను తల్లీ," అని తాత తన డిప్ప మీద టకటకా కొట్టాడు. "చూడు, చెక్కు చెదరలేదు. కాళ్ళు చాపుకోవడానికే చోటు లేదు."

దూదక్క వినలేదు.

మూడోసారి కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడింది.

"కొంగ జపం నాకు తెలీదా? కళ్ళు మూసుకున్నట్టు నటించి నన్ను మింగేస్తావు!"

"జపమేంటమ్మా? రెండో కాలికి ముల్లు గుచ్చుకుంది. నిన్ను మింగాలంటే నా గొంతు గోనెసంచంత ఉండాలి."

అయినా దూదక్క తలుపేసేసింది. "భలే తప్పించుకున్నాను," అనుకుంది.

నాలుగు రోజులకు వాన మొదలైంది. ఆగలేదు. బొరియలోకి నీళ్ళు బుడబుడమని వచ్చేశాయి. దూదక్క తడిసి ముద్దై, గుట్ట మీది గుహకు పరుగెత్తింది. అడవివాళ్ళంతా అక్కడే తలదాచుకున్నారు. గుమ్మం దగ్గర ఒక కొండముచ్చు కాపలా ఉన్నాడు. ఊరూ పేరూ తెలియనివాళ్ళను రానివ్వొద్దని అతనికి అడవి పెద్దయిన ఏనుగు చెప్పింది.

"ఎవరమ్మా నువ్వు?"

"కుందేలుని బాబూ."

కొండముచ్చు వంగి ఆమె కాళ్ళు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"నాలుగున్నాయే! కుందేలుకు మూడే కాళ్ళు. ఎవర్నడిగినా చెబుతారు."

"అయ్యో, అది సామెత బాబూ! ఎవరో మొండివాడు అన్న మాట!"

"అంటే సామెతలు అబద్ధమంటావా?"

గుట్ట మీంచి జారే వాననీళ్ళు తోక దాకా వచ్చాయి. ఏం చేయాలో తోచక దూదక్క ముందుకాలు ఒకటి పొట్టలోకి ముడుచుకుంది. "ఇదిగో బాబూ, మూడే!" అంటూ దబ్బున బురదలో పడింది.

కొండముచ్చు కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే ఆ నాలుగోది ఎవరి దగ్గర దొంగిలించావు?"

"పాపం, ఏ కుందేలు కాలు పోయిందో!" అని లోపలున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒక నక్కయితే ఏడ్చేసింది కూడా.

అప్పుడు ఉడుము నెమ్మదిగా బయటికి వచ్చింది.

"బాబాయ్, ఆమె కుందేలే. ఆ కాలు కూడా ఆమెదే."

"నీకెలా తెలుసు?"

"వాళ్ళ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. బాగా చూశాను."

కొండముచ్చు బుర్ర గోక్కున్నాడు. చూసినవాళ్ళే చెబుతుంటే కాదనడమెలా అనుకున్నాడు. పక్కకు జరిగాడు.

గుహ మూలన ఇసుకలో ఉడుము గుడ్లున్నాయి. ఉడుము వాటిని కాస్త దగ్గరికి జరుపుకుని, దూదక్కకు చోటిచ్చింది.

దూదక్క తల ఎత్తలేకపోయింది. "వాన తగ్గాక నా గది నీకే ఇస్తానమ్మా," అంది.

"ఏ గది అక్కా?"

ఇద్దరూ కిందికి చూశారు. బొరియ ఉన్నచోట నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. నవ్వాలో ఏడవాలో దూదక్కకు తెలియలేదు. చివరికి చిన్నగా అడిగింది:

"నీ పేరేంటి చెల్లీ?"

"చెమిలి," అంది ఉడుము.

నీతి: పేరైనా అడగకముందే ఎవరి మీదా ముద్ర వేయకూడదు. విన్నమాట పక్కన పెట్టి, ఎదురుగా ఉన్నవాళ్ళను చూడాలి.