నల్లమందు తిన్న తాతగారు

నీ మీదొట్టు, ఇది నువ్వు చచ్చినా నమ్మవు. గుమ్మడిదుర్గం రాజు వాళ్ళ తాత గొప్పలన్నీ చెప్పి బొమ్మలాట ఆడించాడు. అందులో తాతగారు కుంకుడుగింజంత నల్లమందు మింగి, హుషారెక్కి, ఒంటిచేత్తో వెయ్యిమందిని నరికేస్తాడు. మూలికలమ్ముకునే పోలవ్వ అది చూసి పకపకా నవ్వేసింది. ఆ మందు తింటే ఎవడికైనా ముంచుకొచ్చేది నిద్రేనని ఆవిడకి తెలీదా?

"ఏమే ముసలీ, మా తాతంటే నవ్వులాటా? వేయండ్రా వంద కొరడా దెబ్బలు!" అని రాజు గుడ్లురిమాడు.

పోలవ్వ మూలికల బుట్ట దించి దణ్ణం పెట్టింది. ఏమాత్రం తొణకలేదు.

"చిత్తం దొరా. వందెందుకు, ఒక్కటి చాలు. కొట్టే బాబుకి ముందు అంతే మందు పెట్టించండి. తాతగారి బలమొస్తే ఒక్క దెబ్బకే చస్తాను. రాకపోతే ఇంటికి పోతాను."

వద్దంటే బొమ్మలాట అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా! రాజు సరేనన్నాడు. భటుడు మందు మింగి కొరడా ఎత్తాడు. ఎత్తినోడు ఎత్తినట్టే నిలబడి గుర్రుపెట్టాడు. ఆ గుర్రుకి కోట తలుపులు ఊడిపడ్డాయి!

పోలవ్వ బుట్ట నెత్తినెట్టుకుని చక్కా పోయింది. మర్నాటి నుంచి బొమ్మలాటలో తాతగారు యుద్ధమంతా నిద్రే. ఎక్కడ లేస్తాడోనని శత్రువులు మునివేళ్ళ మీద నడిచి పారిపోతారు.

అబద్ధమంటావా? ఆ భటుడు ఇంకా అక్కడే నిలబడున్నాడు. పో, లేపి అడుగు చూద్దాం!