తాయారు గీసిన దూరదేశం

ముందే ఒట్టు పెట్టేస్తున్నాను బంగారూ. ఈ కథలో ప్రతి ముక్కా నిజం. అబద్ధమని తేలితే నాకు మిగిలిన ఆ రెండు పళ్ళూ నువ్వే పీకేసుకో.

అనగనగా, మరీ అంత అనగనగా కూడా కాదులే, ఒక ఊళ్ళో ఒక బడి. ఆ బడికి వీరభద్రం గారని ఓ హెడ్మాస్టారు. ఆయనకి అనుమానం ఎంతంటే, నడుస్తూ నడుస్తూ గిరుక్కున తిరిగి, "ఎవడ్రా నా వెంట పడింది?" అని తన నీడనే గద్దించేవాడు.

ఆ బళ్ళో తాయారని ఓ పిల్ల. మంచినీళ్ళు పోసే పని దానిది. ఊళ్ళో పిల్లలు గ్లాసుతో తాగేవాళ్ళు. ఊరి చివర పేట పిల్లలు మాత్రం గ్లాసూ ముట్టుకోకూడదు, చెంబూ ముట్టుకోకూడదు. దోసిలి పట్టాలి, తాయారు పైనుంచి పొయ్యాలి. దాని ప్రాణస్నేహితురాలు రూతుది ఆ పేటే. ఇద్దరూ చాటుగా ఒకే జామకాయ కొరుక్కు తినేవాళ్ళు. నీళ్ళ దగ్గరకొచ్చేసరికి ఒకతి నిలబడేది, ఒకతి వంగేది. ఎందుకని ఇద్దరిలో ఒక్కతీ అడగలేదు.

అప్పుడు బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. సమానత్వం మీద పోస్టరు వేయించమన్నారు. "ఓ దూరదేశంలో తెల్లవాళ్ళకి వేరే నీళ్ళు, నల్లవాళ్ళకి వేరే నీళ్ళు. ఎంత అన్యాయమో! అది గియ్యండి" అన్నారు డ్రాయింగు మాస్టారు.

తాయారు గీసింది. తెల్లపిల్ల చెంబెత్తి పోస్తోంది, నల్లపిల్ల వంగి దోసిలి పట్టింది.

హెడ్మాస్టారి కళ్ళు గారెలంత అయ్యాయి. "ఎవరు చెప్పారే నీకీ బొమ్మ?"

"ఎవరూ చెప్పలేదండీ. వేరే నీళ్ళంటే ఇంతే కదండీ?"

"నాకు తెలుసు, ఆ రూతే ఎక్కించుంటుంది. రుజువవనీ, దాని పేరు కొట్టేసి బళ్ళోంచి పంపేస్తా!"

ఆ అరుపు బడంతా వినబడింది, తాయారు గబుక్కున రంగులందుకుంది. బొమ్మ ఎంత పరాయి దేశంలా ఉంటే రూతు అంత క్షేమం అనుకుంది. హెడ్మాస్టారు మంచుకొండలు పెట్టమన్నారు, పెట్టింది. ఆ తర్వాత డ్రాయింగు మాస్టారు ఇద్దరికీ టోపీలు పెట్టమన్నారు, పెట్టింది. ఆ తర్వాత ఊరి ప్రెసిడెంటు సూరపరాజు గారొచ్చి, అటు నుంచీ ఇటు నుంచీ అనుమానంగా చూసి, "తెల్లపిల్లకి పసుప్పచ్చ జుట్టు పెట్టవే" అన్నారు. అదీ పెట్టింది. తాటికాయంత టోపీలు! ఆకాశానికి చిల్లు పడేంత కొండలు! అయినా ఆ దోసిలి మాత్రం అచ్చం మన దోసిలే.

పోస్టరు తీసుకెళ్ళి నీళ్ళకుండ పైనే అంటించారు. ఇన్‌స్పెక్టరు గారొచ్చి అడిగారు, "ఇది ఏ దేశమండీ?"

"చాలా దూరమండీ" అన్నారు హెడ్మాస్టారు. "మన దగ్గర ఇలాంటివెక్కడండీ!"

అప్పుడే నీళ్ళ గంట కొట్టారు. రూతు అలవాటుగా వచ్చి, బొమ్మ కిందే వంగి, దోసిలి పట్టింది.

తాయారు చెంబెత్తింది. పైకి చూసింది. పసుప్పచ్చ జుట్టుపిల్ల చెయ్యి, తన చెయ్యి ఒకే వాటంలో ఉన్నాయి. ఇక ఆ చెయ్యి వంగితే ఒట్టు! గ్లాసు ముంచి రూతుకి అందించింది.

రూతు వెనక్కి జరిగింది. "ఏంటే ఇది? నా పేరు కొట్టించడానికా?" అని గుసగుసలాడింది. స్నేహితురాలి మీద కూడా అనుమానమే, పాపం.

అప్పుడు తాయారు ఏం చేసిందనుకున్నావ్? చెంబు రూతు చేతిలో కుక్కేసి, తనే మోకాళ్ళ మీద కూలబడి దోసిలి పట్టింది. "అయితే నువ్వే పొయ్యవే. దాహమేస్తోంది."

రూతు హెడ్మాస్టారిని చూసింది. ప్రెసిడెంటుని చూసింది. తాయారుని చూసింది. పోసింది.

ప్రెసిడెంటు గారు దగ్గిన దగ్గుకి పెంకులు లేచిపోయాయి. హెడ్మాస్టారు నోరు తెరిచారు. "చెంబు ముట్టుకోకు" అంటే ఆ దూరదేశం ఇన్‌స్పెక్టరు ముందే బళ్ళో దిగిపోతుందాయె! ఆ నోరు అలాగే మూసేశారు.

మర్నాడు హాజరు వేళ రూతు ఊపిరి బిగబట్టింది. తాయారైతే ఏకంగా కళ్ళే మూసుకుంది.

"రూతు" అని పిలిచారు హెడ్మాస్టారు, తలెత్తకుండా.

"వచ్చానండీ!" అన్న ఆ కేక పక్కూరి గేదెలు కూడా విన్నాయి.

ఆ తర్వాత అందరికీ ఒకటే గ్లాసు. ప్రెసిడెంటు గారమ్మాయి అలిగి మూడు రోజులు నీళ్ళు ముట్టలేదు. నాలుగోరోజు కుండ సగం ఖాళీ చేసింది.

కథేమో చేరింది కంచికి,
కునుకేమో వచ్చింది మంచానికి.

ఇదిగో, పడుకునే ముందు ఓ పని చెయ్యి తల్లీ. వాగీ వాగీ గొంతెండిపోయింది, గ్లాసుడు నీళ్ళు పట్రా. దార్లో నువ్వో గుక్క తాగి మరీ తే.