ఇసుక రేణువులు ఢీకొన్న రోజు

ఒక రాజ్యంలో పండితులు కొండ కింద గుండ్రంగా ఒక సొరంగం తవ్వారు. రెండు ఇసుక రేణువుల్ని అందులో ఎదురెదురుగా పరుగెత్తించి, ఢీకొట్టించి, పగిలితే లోపల ఏముందో చూడాలని వాళ్ళ కోరిక. రాజు సరేనన్నాడు. ఆయనకూ చూడాలనే ఉంది.

ఊళ్ళో గానుగ ఆడించే గవరయ్యకు మాత్రం అనుమానం వచ్చింది. అంత వేగంగా గుద్దుకుంటే అక్కడ ఒక చిల్లు పడుతుందని, అది ముందు కొండను, తర్వాత ఊరిని, ఆ పైన లోకాన్నంతా మింగేస్తుందని ఆయనకు తోచింది. తోచిన సంగతి నూనె కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. సాయంత్రానికి చిల్లు బాగా పెద్దదైంది.

జనం గవరయ్యను ముందు పెట్టుకుని కొండ దగ్గరికి వెళ్ళారు. పండితులకు పెద్దయిన వేదవల్లి బయటికి వచ్చింది.

“అమ్మా, చిల్లు పడదని ఒట్టు వేస్తావా?” అన్నాడు గవరయ్య.

వేదవల్లికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. “ఇంతకంటే వేగంగా ఆకాశం నుంచి రేణువులు రోజూ ఈ కొండ మీద పడుతూనే ఉన్నాయి. కొండ అలాగే ఉంది. చిల్లు పడుతుందనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించలేదు,” అంది.

“పడదని మాత్రం అనవు.”

“ఒట్టు ఎలా వేయను బాబూ? నువ్విప్పుడు తుమ్మితే కొండ కూలదని కూడా ఒట్టు వేయలేను.”

గవరయ్య ముక్కు పట్టుకుని వెనక్కి తిరిగాడు. జనం కూడా ముక్కులు పట్టుకునే ఇళ్ళకు వెళ్ళారు.

రేణువులు మర్నాడు మధ్యాహ్నం ఢీకొంటాయని దండోరా వేశారు. రేపన్నది లేదని తేలాక గవరయ్యకు గానుగ ఆడించబుద్ధి కాలేదు. ఎద్దు వైపు చూశాడు. తండ్రి పోయినప్పుడు ఆ ఎద్దు తనకు కావాలని అక్క సన్యాసమ్మ అడిగింది. ఆయన ఇవ్వలేదు. అప్పటి నుంచి పక్క వీధిలోనే ఉన్నా ఇద్దరికీ మాటల్లేవు. గవరయ్య ఎద్దును విప్పి అక్క గుమ్మం ముందుకు తోలుకెళ్ళాడు.

“ఇదిగో, నీ ఎద్దు,” అన్నాడు.

సన్యాసమ్మ ఎద్దును చూడలేదు. తమ్ముణ్ణి చూసింది. “చిక్కిపోయావురా,” అంది.

ఆ పూట ఊరంతా ఇలాగే ఒకరి తలుపు ఒకరు తట్టారు.

మర్నాడు రేణువులు ఢీకొన్నాయి. కొండ కింద చిన్న మెరుపు మెరిసింది. చిల్లు పడలేదు. పండితులు చూడాల్సింది చూసి పొంగిపోయారు. ఏం చూశారని ఎవరూ అడగలేదు.

కొన్నాళ్ళకు గవరయ్య కోపంగా వేదవల్లి దగ్గరికి వచ్చాడు. “లోకం పోతుందని ఎద్దును అక్కకు ఇచ్చేశాను. ఇప్పుడు గానుగ నేనే లాగుతున్నాను.”

“వెళ్ళి అడుగు.”

“మాటల్లేనప్పుడైతే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తోంది. ఎలా అడుగుతాను?”

ఏడాది తిరిగేసరికి ఊళ్ళో మళ్ళీ కొత్త అలకలు, కొత్త గొడవలు పుట్టాయి. ఈసారి కూడా గవరయ్యే జనాన్ని వెంటబెట్టుకుని రాజు దగ్గరికి వెళ్ళాడు. “ఇంకోసారి ఢీకొట్టించండి ప్రభూ,” అన్నాడు.

రాజు వేదవల్లిని పిలిపించాడు.

“చూడాల్సింది చూసేశాం. సొరంగం ఖాళీ చేశాం. అందులో ఇప్పుడు ఒక్క రేణువు కూడా లేదు,” అందావిడ.

“ఆ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.”

“నేను అబద్ధం చెప్పలేను ప్రభూ.”

“నిన్నెవరు చెప్పమన్నారు?” అని రాజు దండోరా వేయించాడు.

ఊరు మళ్ళీ తలుపులు తట్టడం మొదలుపెట్టింది. రాజు మేడ మీద నిలబడి ఆ సందడిని కాసేపు నవ్వుకుంటూ చూశాడు. తర్వాత నవ్వడం మానేశాడు. కిందికి దిగి, కోట చివరనున్న గది తాళం తానే తీశాడు. సింహాసనం కోసం తిరగబడ్డాడని తమ్ముణ్ణి అందులో పెట్టించి చాలా ఏళ్ళయింది.

తమ్ముడు వెలుతురుకు కళ్ళు చికిలించాడు. “బయట అందరూ ఏడుస్తున్నారేం అన్నయ్యా? నిజంగానే లోకం పోతుందా?”

“పోతుందనే అంటున్నారు,” అన్నాడు రాజు, గడప మీద కూర్చుంటూ. “నువ్వు అన్నం తిన్నావా?”