తాయారు మీసం, బోడిదయ్యం వేలు

అనగనగా ఒక ఊళ్ళో తాయారని ఓ కొత్తకోడలు ఉండేదర్రా. కళ్ళు పెద్దవి, నవ్వు పెద్దది, పైపెదవి మీద మాత్రం నల్లగా నూగుమీసం. ఏమే బుల్లీ, ఏమిటా ఇకిలింపు? ఆడపిల్లలకి మీసం ఉండకూడదని ఎక్కడన్నా రాసుందా?

వాళ్ళత్త వెంకాయమ్మకి మాత్రం ఆ మీసం చూస్తే ఒళ్ళు మంట. ఆవిడ పోరు పడలేక తాయారు నలుగుపిండి పెట్టి రుద్దింది. పోయింది, మళ్ళీ వచ్చింది. దారం మెలేసి లాగింది. హాచ్చిమని తుమ్మింది, పోయింది, మళ్ళీ వచ్చింది. పంచదార పాకంలో నిమ్మకాయ పిండి, పెదవికి పట్టించి, గుడ్డ అతికించి చర్రున పీకింది. అమ్మో అంది, అబ్బో అంది, పోయింది. కాస్త ఆలస్యంగానైనా అదీ వచ్చింది. ఊ కొడుతున్నారా, నాలో నేనే గొణుక్కుంటున్నానా?

ఇలా కాదు, మళ్ళీ మొలవకుండా పోవాలి, అంతదాకా గడప దాటకు, నీ చెల్లెలి పెళ్ళికీ వెళ్ళకు అనేసిందిట అత్త. అక్క లేకుండా చెల్లెలి పెళ్ళేమిటర్రా? తాయారు కుమిలిపోయింది పాపం.

ఊరి చివర తాటితోపులో ఓ బోడిదయ్యం ఉండేది. అది వేలితో ముట్టుకుంటే చాలు, వెంట్రుక రాలిపోయేది, ఇక జన్మలో మొలిచేది కాదు. వెంకాయమ్మ పట్టపగలే దాని కొంగు పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది.

తాయారు గడుసుది, అడగ్గానే మూతి అప్పగించేస్తుందా? దయ్యానికి పీటేసి, మజ్జిగిచ్చి, నీ జుట్టేమైంది తల్లీ అని అడిగిందిట. అంతే, దయ్యం భోరుమంది. గడ్డం మీద ఒక్క వెంట్రుక తీసుకుందామనుకున్నానమ్మా, ఇంతలో తల దురదపెడితే గోక్కున్నాను అంది. మరి కనుబొమలో? ఏడుస్తూ మొహం తుడుచుకుందిట!

కబుర్లు చాలు, కానియ్యవే అని వెంకాయమ్మ పక్కనుంచి ఒక్క తోపు తోసింది. దయ్యం తూలిపడబోతూ ఆవిడ కొప్పే పట్టుకుంది. కొప్పు కొప్పంతా నేలమీద! తల నున్నగా గుమ్మడికాయ! తిరపతి వెళ్ళొచ్చానని చెప్పుకుందామన్నా ఇక మొలవదే! నలుగురిలోకి ఎలా వెళ్ళనే, అందరూ నవ్వుతారే అని వెంకాయమ్మ ఒకటే ఏడుపు.

నేనూ ఇన్నాళ్ళూ అందుకే ఏడ్చాను అత్తయ్యా అంది తాయారు, మెల్లిగానే. ఆవిడకి తన పట్టుచీర కట్టించి, కొంగు తలమీద కప్పి, పదండి, పెళ్ళికి ఇద్దరం వెళదాం అంది. వెళ్ళేముందు దయ్యం వేలు తనే జాగ్రత్తగా పట్టుకుని, తన గడ్డం మీది పుట్టుమచ్చలో ఉన్న ఒక్క బిరుసు వెంట్రుకకి అద్దుకుంది. అదొక్కటీ తనకే గిట్టదు, అందుకని. మీసం జోలికి మాత్రం రానివ్వలేదు. మనసైతే దారం, లేకపోతే మీసం, అదీ తాయారు లెక్క.

పెళ్ళిపందిట్లో ఓ పెద్దమ్మ, ఏమ్మా వెంకాయమ్మా, నీ కోడలికి మీసమేమిటీ అని కిసుక్కున నవ్వింది. వెంకాయమ్మ లేచి నించుని, తలమీది కొంగు లాగేసి, ముందు నా గుండు చూసి నవ్వు, దాని మీసం సంగతి తర్వాత చూద్దువుగాని అందిట!

పందిరి పందిరంతా ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది తాయారు, అత్త మెడ వాటేసుకుని.

ఎవరి మూతి వాళ్ళిష్టమర్రా. మళ్ళీ వచ్చేదాన్ని ఎప్పుడైనా పీక్కోండి, మళ్ళీ రానిదైతే మాత్రం బాగా ఆలోచించుకోండి. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.