మళ్ళీ రానివాళ్ళు

ఇల్యాస్‌కు ఒకటే బాధ. తాను కాచే కషాయాన్ని చుట్టుపక్కల దర్గాల్లో కూడా ఇవ్వడానికి గురువు ఎంతకీ ఒప్పుకోవడం లేదు.

పట్నంలో హకీము దగ్గర మందులు నేర్చి వచ్చినవాడాయె, కాస్త తల ఎగరేస్తాడు మరి. గుట్ట మీది తమ దర్గాకు తీసుకొచ్చే మతి చెదిరినవాళ్ళకు పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు తాగమని కషాయం పోసి ఇంటికి పంపేవాడు. వచ్చినరోజు వాళ్ళు కిటికీ జాలీకి దారం కడతారు. నయమయ్యాక తమ చేత్తోనే విప్పుకుంటారు. అదక్కడి ఆచారం.

"చూడండి హజరత్, దారాలు ఎంత పలచబడ్డాయో" అన్నాడు ఒకరోజు.

గురువు నూరుల్లా షా జాలీని తడిమి చూశాడు. "అన్నీ వాళ్ళే విప్పుకున్నారా?"

ఇల్యాస్ నసిగాడు. "కొందరు విప్పుకున్నారు. మళ్ళీ రానివాళ్ళవి నేనే విప్పేశాను. నయమైంది కాబట్టే కదా రాలేదు?"

బాగుంది వరస! రానివాళ్ళందరికీ నయమైపోయినట్టేనట.

గురువు కోప్పడలేదు. గుమ్మం దగ్గరున్న ఇల్యాస్ చెప్పులు తన చేతుల్తో తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టాడు. "మళ్ళీ రాని ఆ సుంకులమ్మ ఇంటికి పోయి మంచినీళ్ళు తాగి రా" అన్నాడు.

సిగ్గుతో ఇల్యాస్ తల ఎత్తలేకపోయాడు. చెప్పులు తొడుక్కుని గుట్ట దిగాడు.

సుంకులమ్మ అరుగు మీద గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. చంటిదాన్ని అత్త చంకనేసుకుంది.

"మీ మందు తాగితే పగలంతా మత్తే సామీ. పొయ్యి మీదికి తూలింది. భయమేసి మానిపించాం" అంది అత్త. "రేపు పుట్టింటికి పంపేస్తున్నాం. బిడ్డ మా దగ్గరే ఉంటుంది. ఇంకేం చేసేది?"

ఇల్యాస్ అత్త ముందు చేతులు జోడించాడు. "నాలుగు రోజులు ఆగమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు.

రానివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు. అందరిదీ అదే మాట, పగటి మత్తు. ఆ తర్వాత నయమైనవాళ్ళ గడపలూ తొక్కాడు. వాళ్ళలో ఒకావిడ నవ్వి, "కోప్పడకండి సామీ. కూలికి పోవాలి కదా, పొద్దుటి మందు పారబోసేదాన్ని. రాత్రిది మాత్రం వదలకుండా తాగినా" అంది. మిగతావాళ్ళను గుచ్చి గుచ్చి అడిగితే చాలామంది చేసిందీ అదే.

ఇల్యాస్ పరుగున సుంకులమ్మ ఇంటికి పోయాడు. ఆ రోజునుంచి ఆమెకు రాత్రి మందు ఒక్కటే. మానకుండా రోజూ పోయి చూసి వచ్చేవాడు. వానాకాలం వచ్చేసరికి సుంకులమ్మ తన బిడ్డకు తానే నీళ్ళు పోసుకుంటోంది. పుట్టింటి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒక శుక్రవారం ఎవరో ముసలమ్మ కొడుకును చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. "ఏం మందిస్తావు నాయనా?" అని అడిగింది.

నూరుల్లా షా ఇల్యాస్ వైపు చూశాడు.

ఇల్యాస్ ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "ముందు మీ ఇల్లెక్కడో చెప్పమ్మా" అన్నాడు.