సుంకన్న గట్టున మొలిచిన వేగిస

రండర్రా, దగ్గరికి జరగండి. దుప్పటి అంచు అందరికీ అందిందా? దేవుడికి దండం పెట్టుకున్నారా? అయితే వినండి. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, కనుచూపు మేరంతా వేరుసెనగ చేలు. ఆ చేల నడుమ చిన్న అడవి. ఒకప్పుడు అంతా అడవేనట. నరికి చేను, నరికి చేను అంటూ పోతే చివరికి ఆ కాస్తే మిగిలింది.

అందులో ఒక ముసలి వేగిస చెట్టు. గాటు పెడితే నెత్తురులాంటి బంక కార్చే చెట్టు. ఆ చుట్టుపక్కల వేగిస అంటే ఇక అదొక్కటే. ఊరివాళ్ళు బొట్టు పెట్టి, వేగిసమ్మ అని మొక్కేవారు.

అప్పుడు ప్రభుత్వం వాళ్ళు వచ్చి అడవి చుట్టూ కంచె వేశారు. జాతీయ వనం అని బోర్డు పెట్టారు. ఆ ఊరి తిప్పమ్మను కాపలా పెట్టారు. "మేక పోకూడదు, గొడ్డలి పోకూడదు, నిప్పు పోకూడదు" అని మూడు మాటలు చెప్పి వెళ్ళిపోయారు. కలుపు తీసే తొలిక పోకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

తిప్పమ్మ ఎవరనుకున్నారు? కలుపు తీయడంలో ఆ ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె నడిచిన సాలులో గడ్డిపోచ కనబడితే ఒట్టు! అడవి పక్క చేను సుంకన్నది. అతనికేమో బద్ధకం. గట్టు నిండా పిచ్చిమొక్కలే.

"ఏం సుంకన్నా, నీ గట్టు మీద పాము కూడా దారి అడిగి పోవాల్సిందే!" అనేది తిప్పమ్మ.

"అడిగితే చెబుతాలే వదినా" అనేవాడు సుంకన్న.

తొలకరి పడింది. చెట్ల కింద పిలకలు లేచాయి. తిప్పమ్మ చేయి ఊరుకుంటుందా? వేగిసమ్మ నీడలో కలుపేమిటని అన్నిటినీ పెళ్ళగించి, కంచె అవతల సుంకన్న గట్టు మీదికి విసిరేసింది. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాతి ఏడూ అంతే. అడవి నేల అలికిన వాకిలిలా తయారైంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పెద్ద గాలి లేచింది. వేగిసమ్మ వేళ్ళతో సహా ఒరిగిపోయింది.

తిప్పమ్మ పరుగెత్తింది. అమ్మ పోతే పోయింది, పిల్లయినా ఉండదా అని చెట్టు కింద వెతికింది. పొదల్లో వెతికింది. కంచె వెంట వెతికింది. ఎక్కడా లేదు. అలిసి కూర్చుంటే చేతికొక వేగిస కాయ తగిలింది. అప్పడంలా పలచగా, గుండ్రంగా ఉంది. పోయినేటి కాయ, నడుమ గింజ పుచ్చిపోయింది. కొత్త కాపు ఇంకా రాలేదు. ఆ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది తిప్పమ్మ. తాను పీకిన పిలకల మొదళ్ళకు అతుక్కుని ఉండేది ఇదే కదా!

అప్పుడు ఆమెకు చేలల్లో సంగతి గుర్తొచ్చింది. వాన తడిలో గట్టున పారేసిన కలుపు ఒక పట్టాన చావదు. మళ్ళీ నాటుకుంటుంది. ఎన్నేళ్ళుగానో తిట్టుకున్న ఆ పీడే ఇవాళ వరం కావాలని దేవుడికి మొక్కుకుంటూ కంచె దాటింది.

సుంకన్న గట్టున, పిచ్చిమొక్కల నడుమ, మోకాలెత్తున ఒకే ఒక్క వేగిస.

"ఏం వదినా, నా గట్టు కూడా ఊడ్చేస్తావా?" అంటూ వచ్చాడు సుంకన్న.

"దాన్ని ముట్టుకోకు సుంకన్నా! నా చేత్తో చంపబోయిన బిడ్డ ఇది. నీ బద్ధకం బతికించింది."

సుంకన్న మొక్కను చూశాడు, వదినను చూశాడు. "సరే. రేపు పాలకేంద్రం దగ్గర అందరి ముందూ, సుంకన్న గట్టు బంగారు గట్టు అని అరిచి చెప్పు. మొక్క నీదే."

పొద్దున్నే తిప్పమ్మ అరిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఊరంతా నవ్వింది. సుంకన్న మాత్రం నవ్వలేదు. ఆఫీసరుకు చెప్పి కంచె జరిపించి, ఆ గట్టును అడవికే ఇచ్చేశాడు.

వేగిస పెరిగింది. పూసింది. కాసింది. దాని కింద పిలకలు లేచాయి. తిప్పమ్మ తొలికను ఇంటి చూరులో దోపి, ఉత్త చేతులతో అడవికి వచ్చేది. తెలియని పిలక కనబడితే చతికిలబడి, "నువ్వెవరమ్మా?" అని అడిగేది. అది ఆకో పువ్వో చూపి జవాబు చెప్పేదాకా ముట్టేది కాదు.

ఆ ఒక్క పని గుర్తుంచుకోండి నాయనా. రేపు పెరట్లో తెలియని మొలక కనబడితే, పీకే ముందు ఏమని అడగాలి? ఏదీ, అందరూ అనండి, "నువ్వెవరమ్మా?" ఆఁ, అలాగ!

కథ కంచికి,
గింజ మంటికి,
నిద్ర కంటికి,
మనం ఇంటికి.