గడప దగ్గర కూచోండి, కండెగాడున్నాడు

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఇంటి ముందు నిలబడినా టకా టకా అని మగ్గం మోత వినపడే ఊళ్ళో, నాంచారయ్య అని ఒక నేతగాడు ఉండేవాడంట. ఆయన పెళ్ళాం మంగతాయి. కూతురు లచ్చి, నీ అంతే ఉంటుంది. ఆ ముగ్గురికీ కలిపి ఒక కుక్క.

ఆ కుక్క పేరు కండె. కండె అంటే మగ్గం మీద దారం చుట్టుకునే చిన్న పుల్లమ్మా. పిల్లప్పుడు అంత సన్నగా ఉండేవాడని లచ్చి ఆ పేరు పెట్టింది. తర్వాత తిని తిని దిండులాగ అయ్యాడు. అయినా కండెగాడు కండెగాడే.

వాడికి ఒక అలవాటు. గుమ్మంలోకి ఎవరొచ్చినా దిగ్గున లేచి ఎదురెళ్ళాలి. కాశీకి పోయొచ్చినోళ్ళకీ అంతే, దొడ్లోకి పోయొచ్చినోళ్ళకీ అంతే. తోక ఊపి, చెయ్యి నాకి, అప్పుడు గానీ మళ్ళీ పడుకోడు.

ఒకనాడు నాంచారయ్య వీధిలో పడుగు పరిచాడు. పడుగంటే చీరకి నిలువు దారాలు. వీధి పొడుగునా సాగదీసి గంజి పెడతారు. అప్పుడు ఎవరిదో గేదె తాడు తెంపుకుని నేరుగా దారాల మీదికి వచ్చేసింది. నాంచారయ్య "హేయ్ హేయ్" అన్నాడు. గేదె వినలేదు. కండెగాడు ఎగిరి దానికి అడ్డం పడ్డాడు.

గేదె పక్కకి తిరిగింది. తిరుగుతూ ఒక్క తన్ను తన్నింది. పడుగులో ఒక్క దారం తెగలేదమ్మా. కానీ కండెగాడు పడ్డచోటు నుంచి లేవలేదు. ముందు కాళ్ళు కదులుతున్నాయి, వెనక కాళ్ళు కదలట్లేదు.

ఆ తర్వాత పశువుల డాక్టరమ్మ వచ్చింది. నడుం మీద చెయ్యేసి మెల్లగా చూసింది. మందు పోసింది. వెళ్ళేటప్పుడు చెప్పింది, "నలభై రోజులు వీడు తనంతట తాను లేవకూడదు. బయటికి తీసుకెళ్ళాలంటే పొట్ట కింద గుడ్డ వేసి ఎత్తి పట్టుకోండి. దిగ్గున లేచాడా, ఇంక ఆ వెనక కాళ్ళ మీద ఆశ వదులుకోండి."

నాంచారయ్య గుండెలో రాయి పడింది. నా పడుగు కోసమే కదా వీడికి ఇట్టా అయింది, అనుకున్నాడు. మగ్గం పక్కనే గోనెసంచి పరిచి పడుకోబెట్టాడు. మెత్తటి గుడ్డ వెడల్పుగా మడిచి పొట్ట కింద పట్టీ చేశాడు.

మంగతాయి నీళ్ళ బిందెతో లోపలికొచ్చింది. కండెగాడు ముందు కాళ్ళు ఆనించి లేవబోయి "కుయ్యో" అన్నాడు. లచ్చి బడి నుంచి వచ్చింది. మళ్ళీ లేవబోయాడు. నూలు ఇచ్చి చీరలు తీసుకెళ్ళే సావుకారు గోపయ్య వచ్చాడు. ఆయన బొజ్జ చూసి ఇంకా గట్టిగా లేవబోయాడు.

కానీ మగ్గం మీద కూచున్న నాంచారయ్యని చూసి మాత్రం లేవడు. ఊరికే చూస్తూ పడుకుంటాడు.

నాంచారయ్యకి ఏమీ అర్థం కాలేదు. నామీద కోపమా? నా వల్లే దెబ్బ తగిలిందని తెలిసిందా? మరి కోపమైతే, పొద్దున బావి నుంచి వచ్చినప్పుడు నన్ను చూసి ఎందుకు లేవబోయాడు? పొద్దున లేని కోపం మధ్యాహ్నానికి ఎట్టా వచ్చింది? బుర్ర చిక్కుపడ్డ దారం అయిపోయింది, కొస దొరకదు.

సరే, కట్టేద్దాం అనుకున్నాడు. తాడు తెచ్చి మగ్గం గుంజకి కట్టాడు. కండెగాడు తాడుతో పెనుగులాడాడు. నడుం ఇంకా వంకర పోతుందేమో అని భయపడి నాంచారయ్యే విప్పేశాడు.

అప్పుడు, ఎవరూ వీడికి కనపడకుండా దొడ్డిదారిన రండి అన్నాడు. మంగతాయి కంచె దాటి రావడం, లచ్చి గోడెక్కి దూకడం. పక్కింటావిడ "ఏంటి మంగతాయీ, మొగుడు గుమ్మం తొక్కనివ్వట్లేదా?" అని అడిగింది. "ఆయన కాదు వదినా, కుక్క," అంది మంగతాయి. పక్కింటావిడ బుగ్గ నొక్కుకుంది.

కండెగాడు గుమ్మం వంకే చూస్తున్నాడు. అందరూ వెళ్ళినోళ్ళే గానీ వచ్చినోళ్ళు లేరు వాడి లెక్కకి. మూడోరోజుకి ముద్ద ముట్టడం మానేశాడు. లేస్తే కాళ్ళు పోతాయి, ఎవరూ రాకపోతే ప్రాణం పోయేట్టుంది. నాంచారయ్య మళ్ళీ అందర్నీ గుమ్మంలోంచే రమ్మన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. నేను నేస్తున్నప్పుడే వాడు కదలట్లేదు, అంటే మగ్గం మోతకి జోకొట్టినట్టు ఉంటుందేమో! అప్పట్నుంచి ఆపకుండా నేశాడు. చేతులు పడిపోయేట్టు నేశాడు. మంగతాయి గంజి గ్లాసు పట్టుకుని అట్టా వచ్చిందో లేదో, కండెగాడు ఇట్టా లేవబోయాడు. మోతా లేదు గీతా లేదు.

"నాకు తెలివి లేదే మంగతాయీ," అని మగ్గం ఆపేశాడు.

"నాకు పెళ్ళినాడే తెలుసు. ముందు గంజి తాగు," అంది మంగతాయి.

ఆపినప్పుడు ఆయన మోచెయ్యి తగిలి బుట్టలోంచి ఒక కండె జారింది. దొర్లుకుంటూ దొర్లుకుంటూ గడప దాటి పోయింది. అప్పుడే లచ్చి బడి నుంచి వస్తోంది. వంగింది, అందలేదు. మోకాళ్ళ మీద కూచుని దాన్ని పట్టుకుని, అట్టాగే పాకుతూ పాకుతూ గడప దాకా వచ్చింది.

కండెగాడు లచ్చిని చూశాడు. లేవలేదు! తోక కొస మాత్రం టప్పు టప్పు అని నేలకి కొట్టాడు.

నాంచారయ్య నోరు తెరిచాడు. నీకు తెలుసుగా, నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి నేల మీదే కూచుంటాడు. ఆయన మొహమూ, పడుకున్న కుక్క మొహమూ ఎదురెదురుగానే ఉంటాయి. ఎత్తుగా నిలబడ్డ మనిషి దగ్గరికి వెళ్ళాలంటే వాడు లేవాలి. నేల మీదున్న మనిషి కోసం ఎందుకు లేస్తాడు?

"మంగతాయీ, బయటికెళ్ళి గడప దగ్గర కూచుని రా!"

"పొయ్యి మీద అన్నం ఉంది. కూచోడానికి నాకు తీరికెక్కడిది?"

"కూచోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

ఆవిడ కూచుంది. అట్టాగే జరుక్కుంటూ లోపలికొచ్చింది. కండెగాడు లేవలేదు. చెయ్యి ముందు పెడితే నాకాడు. ఆ పూట ముద్ద కూడా తిన్నాడు.

మర్నాడు సావుకారు గోపయ్య వచ్చాడు. ఆయన వస్తే ఊళ్ళో అందరూ లేచి నిలబడతారు. లచ్చి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"మామయ్యా, కూచో."

"నేనా? కుక్క కోసమా?"

"కుక్క కోసం కాదు మామయ్యా, కండెగాడి కోసం."

గోపయ్యకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని కూచున్నాడు. కూచున్నాడు గానీ, ఆ బొజ్జతో మళ్ళీ లేవలేడే! లచ్చి ఒక చెయ్యి, మంగతాయి ఇంకో చెయ్యి పట్టుకుని లాగారు. మర్నాటి నుంచి ఆయన కూచోడానికి పీట తెచ్చుకునేవాడు.

అట్టా నలభై రోజులు గడిచాయి. డాక్టరమ్మ వచ్చింది. ఆవిడా గడప దగ్గర కూచునే వచ్చింది. నడుం తడిమి "కుదురుకుంది, ఇంక లేపి నడిపించండి," అంది.

అందరూ సంబరంగా లేచి నిలబడ్డారు. రారా కండెగా, అన్నారు. వాడు తోక కొట్టాడు. లేవలేదు.

మొదటిరోజు లేవలేదు. రెండోరోజు లేవలేదు. మూడోరోజు ఉప్పుచేప చూపించినా లేవలేదు. నాంచారయ్య బుర్ర మళ్ళీ చిక్కుపడింది. కాళ్ళు రాలేదా? లేక లేవక్కర్లేదని నేనే నేర్పించేశానా? బాగు చేశానో, చెడగొట్టానో తెలియలేదు.

ఆ సాయంత్రం చీర నేత అయిపోయింది. నాంచారయ్య మగ్గం మీంచి లేవబోయాడు. నలభై రోజుల పని కదమ్మా, నడుం కటుక్కున పట్టేసింది. కాళ్ళు గుంటలోనే ఉండిపోయాయి. "అబ్బా!" అన్నాడు. మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ "అబ్బా!"

ఇంట్లో ఎవరూ లేరు. కండెగాడు చెవులు నిక్కించాడు. అప్పుడు ముందు కాళ్ళు ఆనించాడు. ఆ తర్వాత ఒక వెనక కాలు. ఆ తర్వాత రెండోది. వణికాడు, పక్కకి తూలాడు, పడలేదు. వంకర టింకరగా నాలుగడుగులు వేసి వచ్చి, నాంచారయ్య భుజం మీద గడ్డం పెట్టాడు.

నాంచారయ్య ఆ మెడ చుట్టూ చెయ్యి వేసుకుని కదలకుండా కూచున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు.

నేల మీదున్న మనిషి కోసం వాడు లేవడు కదా, మరి ఆవేళ ఎందుకు లేచాడు? నాకూ తెలీదు కన్నమ్మా. నాంచారయ్యకీ తెలీదు.

కానీ ఇప్పటికీ ఆ ఇంటికి ఎవరెళ్ళినా గడప దగ్గర ఒక్క క్షణం కూచునే లోపలికెళ్తారంట. గోపయ్య పీట కూడా అక్కడే ఉందంట.

*కండెగాడు లేచాడు, తూలి తూలి నడిచాడు,*
*గడపకాడ కూచున్నోళ్ళ చేతులన్నీ నాకాడు.*
*కథేమో కంచికి, కండెగాడు మంచం కిందికి,*
*కళ్ళు మూసుకో కన్నమ్మా, మనం మన ఇంటికి.*